తడి నేల బోర్డూ, నా బండి చోటూ

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఒక మణికట్టు విరుగుతుంది. విరగ్గొట్టింది నేనే. అయితే చేత్తో కాదు, పార్కింగుతో.

అమీర్‌పేటలో బండికి చోటు దొరకాలంటే పూర్వజన్మలో ఏదో పుణ్యం చేసుకుని ఉండాలి. నా దగ్గర అంత నిల్వ లేదు, అందుకని బోర్డు పెట్టుకున్నాను. మా మూడో అంతస్తు ఆఫీసులో, నేల తుడిచాక నిలబెట్టే పసుపు బోర్డు ఒకటుండేది. దాని మీద కాలు జారి పడుతున్న మనిషి బొమ్మ. సాయంత్రం ఇంటికెళ్తూ దాన్ని కిందికి తెచ్చి, స్తంభం పక్కనున్న నా చోట్లో నిలబెట్టేవాణ్ణి. పొద్దున బండి పెట్టి, బోర్డును మళ్లీ పైకి చేర్చేవాణ్ణి. దొంగతనం అనకండి. దొంగలు తిరిగివ్వరు.

చిన్న చిక్కేమిటంటే, మేరీ అక్క నేల తుడిచేది నేను రాకముందు.

ఒక ఏజెన్సీ తరఫున వచ్చి మా ఆఫీసు శుభ్రం చేసేది ఆమే. బోర్డు లేక, నేల ఆరేదాకా లిఫ్టు ముందు తనే నిలబడి, "జర ఆగుండ్రి, జారుతది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

"తమ్మీ, గా బోర్డు నాకు పొద్దుగాల్నే కావాలె," అని ఒకసారి అడిగింది కూడా.

"నువ్వున్నావు కదక్కా, ఇంక బోర్డెందుకు? అది మాట్లాడదు, నువ్వు మాట్లాడతావు."

అక్క నవ్వింది. జోకు పేలిందనుకున్నాను. పేలింది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

ఒక రోజు పొద్దున మా మేనేజరు ప్రసాద్ గారు ఫోన్లో మాట్లాడుకుంటూ లిఫ్టు దిగారు. అక్క అవతలి మూల బకెట్టు దగ్గర ఉంది. "సార్, ఆగుండ్రి!" అంటూ పరిగెత్తుకొచ్చింది. ఆ కేకకు ప్రసాద్ గారు ఆగారు. అక్క ఆగలేకపోయింది.

తర్వాతి లిఫ్టులో నేను దిగాను, చంకలో బోర్డుతో.

అక్క నేల మీద కూర్చుని మణికట్టు పట్టుకుని ఉంది. ప్రసాద్ గారు కంగారులో కేకలేస్తున్నారు. "ఏంటమ్మా ఇది? బోర్డు పెట్టకుండా తుడవడమేంటి? తప్పు నీదేనని ఏజెన్సీ వాళ్లు రేపే వేరే మనిషిని పంపుతారు. నేనేం చెప్పగలను?"

అక్క నన్ను చూసింది. బోర్డును చూసింది.

"మర్చిపోయిన సార్," అంది.

ఇలాంటప్పుడు నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు ఉంటుంది. ఆ రోజు నోరెండిపోయింది. ఆ అంతస్తులో తడి లేనిది అదొక్కటే.

"ఆమె మర్చిపోలేదు సార్. నేనే తీసుకెళ్లాను. రోజూ. బండి చోటు కోసం."

"ఇప్పుడు కూడా జోకులేనా!"

"జోకు కాదు సార్. కింద స్తంభం దగ్గర..."

ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి కిందికి జారింది. "స్తంభం దగ్గరా? ఎండాకాలంలో కూడా అక్కడ తడి ఆరదేంటా అని, నేను స్కూటరు పంజాగుట్టలో మా బావమరిది ఇంట్లో పెట్టి మెట్రోలో వస్తున్నాను కదయ్యా!"

ఆ బోర్డు మాటకు విలువిచ్చిన ఏకైక మనిషి ఆయనే. అక్కడికక్కడే ఏజెన్సీకి ఫోన్ చేసి, తప్పు ఆమెది కాదని, చెయ్యి బాగయ్యేదాకా జీతం ఆపొద్దని, ఆ చోటుకు వేరే మనిషిని పంపొద్దని గట్టిగా చెప్పారు. నా గురించి కూడా గట్టిగానే చెప్పారు. అది ఇక్కడ రాయను.

ఆసుపత్రికి వెళ్తుంటే ఆటోలో అడిగాను, "నొప్పిగా ఉందా అక్కా?"

"లేదు తమ్మీ, మస్తు మజాగున్నది." వాచిన మణికట్టు ఎత్తి చూపించి, "నువ్వున్నవు కదా, బోర్డెందుకంటివి. చూడు, బోర్డు ఇరిగింది," అంది.

అంత మంచి జోకు నేను జీవితంలో వెయ్యలేదు. నవ్వలేకపోయాను.

ఆమె రానన్ని రోజులూ నేల నేనే తుడిచాను. ఆరేదాకా లిఫ్టు ముందు బోర్డూ నేనూ పక్కపక్కన నిలబడ్డాం. "జారుతుంది, ఆగండి" అంటే అందరూ నా భుజం తట్టి, నవ్వుకుంటూ నడిచి వెళ్లేవారు. "ఏంటి, బండి పైకి తెస్తున్నావా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

కట్టు విప్పాక అక్క తిరిగొచ్చింది. ఇప్పుడు బోర్డు కదలకుండా తన చోట్లో ఉంటోంది. అయినా తుడవడం అవ్వగానే ఆమె వెళ్లి లిఫ్టు ముందు నిలబడుతుంది.

"బోర్డుంది కదక్కా?"

"ఇయ్యాల ఉన్నది. రేపు ఉంటదని నాకేం ఎరుక?"

కాబట్టి, ఇంకా ఆరని ఆ నేల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. పసుపు రంగులో ఉన్న ఏ వస్తువునూ ఈ జన్మలో అడగకుండా ముట్టుకోను. అరటిపండైనా సరే, అక్కను అడిగే తింటాను. తొక్క ఎక్కడ వెయ్యాలో కూడా ఆమెనే అడుగుతాను.