ఎమెరిక్ వాసెయ్‌కి గొంతు కావాలి

“అయితే టీవీలో వినిపించే ఆ గొంతు నీది కాదా?”

రోమ్‌లోని టెస్టాచ్చో బజారులో కూరలమ్మే సోరా ఇనేస్ ఓసారి ఎమెరిక్ వాసెయ్‌ని నిలేసింది.

“కాదు,” అన్నాడతను.

“మరి నీదంటూ ఏముందయ్యా అందులో?”

“మొహం.”

“అది మా ఆయనకీ ఉంది!”

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. ఎమెరిక్ కూడా నవ్వాడు. నవ్వడం అతని వృత్తి.

లియోన్ నుంచి వచ్చిన ఈ ఫ్రెంచివాడు కత్తియుద్ధాల సినిమాలతో రోమ్‌లో కుదురుకున్నాడు. అక్కడ షూటింగులో నువ్వేం మాట్లాడావో ఎవరికీ పట్టదు. తర్వాత ఇంకెవరో ఇటాలియన్‌లో చెబుతారు. భాష రానివాడు అంకెలు లెక్కపెట్టినా చాలు. ఎమెరిక్ ఒకటి, రెండు, మూడు అంటూనే రాణుల్ని ప్రేమించాడు, తండ్రి శవం మీద పడి ఏడ్చాడు. జనం విన్న ఏడుపు మాత్రం ఓరెస్తే అనే డబ్బింగ్ కళాకారుడిది. టీవీ సీరియల్లో ఇన్‌స్పెక్టర్ వేషం కట్టాక కూడా గొంతు ఓరెస్తేదే. ఈలోగా ఎమెరిక్‌కు ఇటాలియన్ వచ్చేసింది. ఆ భాషలోనే బేరమాడాడు, పెళ్లాడాడు, విడిపోయాడు. ఒక్క పాత్రకైనా తన నోటితో తానే మాట చెప్పాలన్న కోరిక మాత్రం తీరలేదు.

“ఓరెస్తే ఉండగా నీకెందుకయ్యా శ్రమ?” అనేవాడు నిర్మాత తార్చీజియో.

ఓరెస్తే చచ్చిపోయాడు. మిత్రుడి చావులో అవకాశం వెతుక్కోవడం నీచమని నీతిమంతులు అనుకుంటే అనుకోనీ, ఆ గొంతు పని తనకిమ్మని ఎమెరిక్ శ్మశానంలోనే తార్చీజియోని అడిగేశాడు.

“సరే, అందరితోపాటు నువ్వూ పరీక్షకి రా,” అన్నాడు తార్చీజియో. “ఊరికే వద్దులే, యాభై వేల లీరాలిస్తా.”

అలా ఎమెరిక్ తన మొహానికి గొంతు కావడం కోసం నలుగురితోపాటు వరసలో కూర్చున్నాడు. వంతు వచ్చింది. తెర మీద తన పెదాలే కదిలాయి. ఇన్‌స్పెక్టర్ కొడుకు శవాన్ని గుర్తుపట్టే సన్నివేశం. షూటింగులో మాటలు ఓరెస్తేకి వదిలేసి అంకెలు లెక్కపెట్టిన చోట ఇప్పుడు మాటలు పలికాడు. చివర్లో నిజంగానే గొంతు పూడుకుపోయింది.

రికార్డింగ్ గది అద్దం అవతలి నుంచి తార్చీజియో అడిగాడు: “జలుబు చేసిందా?”

“లేదు.”

“బాగానే చెప్పావు గానీ, ఇది ఇన్‌స్పెక్టర్ గొంతు కాదు. జనం నమ్మరు.”

“ఇన్‌స్పెక్టర్‌ని నేనే కదా!”

“మొహం నీదే, కాదన్నానా? మనిషి ఓరెస్తే.”

ఓరెస్తే మేనల్లుణ్ణి ఖాయం చేశారు. అచ్చం మామలాగే దగ్గుతాడట.

సోమవారం సెట్లో కెమెరా తిరగగానే ఎమెరిక్ నేర్చుకొచ్చిన సంభాషణ పక్కన పెట్టి, ఫ్రెంచిలో ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు. ఎవరూ ఆపలేదు. దర్శకుడు బాగుందన్నాడు.

పరీక్షకిస్తానన్న యాభై వేల లీరాలు తార్చీజియో ఇంకా ఇవ్వలేదు.