ఎక్కడికీ పోని ఓటు

మా అమ్మాయి పుట్టిన దగ్గర్నుంచీ నేను ఓటు వేసింది పార్టీలకు కాదు, కరెంటుకు. పిల్లకి ఊపిరితిత్తులు బలహీనం. మంచం పక్కన ఆక్సిజన్ మిషను పగలూ రాత్రీ ఆడుతూనే ఉండాలి. మల్కాపురంలో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ ముసలిది. ఎండాకాలం నాలుగిళ్ళలో ఏసీలు వేస్తే చాలు, టప్పున కరెంటు పోతుంది. వెంటనే మిషను కీచుమని అరుస్తుంది. ఇన్వర్టర్ కాసేపు ఆదుకుంటుంది, ఆ తర్వాత ఆక్సిజన్ సిలిండర్. సిలిండర్ ముల్లు కిందికి దిగుతుంటే నా పైప్రాణాలు పైనే పోతాయి.

ఎన్నికలొస్తే ఇంట్లో మగవాళ్ళు ఉక్కు ఫ్యాక్టరీ ఏమవుతుందో, రోడ్లు ఎవరు వేయించారో గంటలు గంటలు వాదించుకునేవారు. నేను అన్నం వడ్డిస్తూ వినేదాన్ని. నాకున్నది ఒక్కటే ప్రశ్న, మా వీధిలో కరెంటు నిలబెట్టేదెవరు? స్వార్థం అంటే అనుకోనీ.

జవాబు పట్టుకొచ్చింది మా తమ్ముడు. పోర్టులో కాంట్రాక్టు పని చేసుకుంటూ ఒక పార్టీ జెండా మోసేవాడు. కార్పొరేటర్ ఎన్నికలప్పుడు వాళ్ళ అభ్యర్థిని నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాడు. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి, పిల్ల మంచం మీద కూర్చుని, మిషను ఎలా పనిచేస్తుందో అడిగి మరీ తెలుసుకున్నాడు. ఆయన వెళ్ళాక తమ్ముడు పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

"మనోడు గెలిత్తే కొత్త ట్రాన్స్‌ఫారం మొదట మన ఈదికే అక్కా. పాప మీద ఒట్టు."

గభాల్న వాడి చెయ్యి లాగేశాను. జబ్బు పిల్ల మీద ఒట్టేమిట్రా, మాట తప్పితే ఎవరికి తగులుతుంది? తిట్టానేగానీ లోపల పొంగిపోయాను. అంత ఒట్టు వేశాడంటే పని అయినట్టేననుకున్నాను.

ఆయన గెలిచాడు. కొన్ని నెలలకు ఒక పొద్దున్న లారీ మీద ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. పిల్లని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, కిటికీలోంచి చూపించాను. "నీ కరెంటు వచ్చిందే!" అన్నాను. అది చప్పట్లు కొట్టింది. లారీ మా మలుపు దగ్గర నెమ్మదించింది, ఆగలేదు. పక్క వీధిలోకి తిరిగింది. పరుగెత్తుకెళ్ళి చూస్తే పసుపు పూసి కొబ్బరికాయ కొడుతున్నారు. డ్రైవరుకు చేతులు ఊపుతూ దారి చూపిస్తున్నది మా తమ్ముడే.

"ఏట్రా ఇది? పాప మీద ఒట్టేసేవు కదరా!"

"కోప్పడకక్కా. ఈ ఈదోల్లు అటూ ఇటూ ఊగుతన్నారు. ఈల్లకిప్పుడు ఇవ్వకపోతే వచ్చేసారి జారిపోతారు. నీకేటి, నీ ఓటెక్కడికెల్తాది? పాపుంది కదా."

కక్షతో అన్న మాట కాదు. అందరికీ తెలిసిన సంగతే చెప్పినట్టు తేలిగ్గా అన్నాడు. అందుకే నా ఒళ్ళు మరీ మండింది. నమ్మించి గొంతు కోశాడు, పైగా కోసినట్టు కూడా వాడికి తెలియదు. నా బిడ్డ ఊపిరి వాళ్ళకి ముందే పడిపోయిన ఓటు. ఆ రాత్రి పిల్ల దగ్గినప్పుడల్లా వాడి ఒట్టు గుర్తొచ్చి, భయంతో లేచి సిలిండర్ ముల్లు చూసుకున్నాను.

వాణ్ణి గుమ్మం తొక్కనివ్వకూడదనుకున్నాను. కుదరలేదు. సిలిండర్ మార్చడం, పిల్ల గొంతులో కఫం మిషనుతో తీయడం, నేనూ మా ఆయనా కాక వాడొక్కడికే చేతనవును. మేనమామంటే పిల్లకి ప్రాణం. కోపం మింగి టీ ఇచ్చేదాన్ని.

అసెంబ్లీ ఎన్నికలనాడు మా ఆయన పొద్దున్నే ఓటు వేసి డ్యూటీకి వెళ్ళిపోయాడు. పిల్లని ఒంటరిగా వదల్లేను. తమ్ముడే వచ్చాడు.

"నాను పాప కాడ కూకుంటాను. నువ్వెల్లి ఓటేసొచ్చీ అక్కా."

వెళ్ళాను. వేరే గుర్తు మీద నొక్కాను. ఆ పార్టీవాళ్ళు మాకేదో చేస్తారని కాదు. వాళ్ళు మా గడప కూడా తొక్కలేదు. వీడి పార్టీకి మాత్రం వెయ్యకూడదని వేశాను. తిరిగొస్తూ దారిపొడుగునా మాటలు కూడగట్టుకున్నాను. ఎవరికేసేవక్కా అని అడుగుతాడు, మొహమ్మీదే చెప్పేస్తాను, వాడి రంగు మారడం కళ్ళారా చూస్తాను.

ఇంటికొచ్చేసరికి పిల్ల వాడి ఒళ్ళో పడుకుని నవ్వుతోంది.

"వచ్చీసేవా? పాప పాలు తాగింది," అన్నాడు. చెప్పులేసుకుని, పక్క వీధివాళ్ళని ఆటోలో బూత్‌కి దింపాలంటూ హడావిడిగా వెళ్ళిపోయాడు.

ఎవరికేశానో అడగనే లేదు.