చల్లపల్లికి మోసుకెళ్ళిన సూర్యాస్తమయం

ఏళ్ళ తరబడి బెజవాడ ఆటోనగర్‌లో లారీల వెనక బొమ్మలు వేస్తున్నాను. రెండు కొండలు, మధ్య ఉదయించే సూర్యుడు, నిండు నది, పచ్చని కొబ్బరిచెట్లు. ఓనర్లకు ఇంకోటి నచ్చదు. ఆమధ్య వన్ టౌన్‌లో పాత క్యాలెండర్ ఒకటి దొరికింది. అందులో ఏదో విదేశీ నదీలోయ: కూలిన కోట, మోడైన చెట్టు, మనిషి లేని పడవ, గుంకుతున్న పొద్దు. చూస్తుంటే గుండె బరువెక్కింది. మన కృష్ణను అలా వేయాలనిపించి, వేసవంతా కూర్చుని వేశాను. నాకోసం నేను వేసుకున్న బొమ్మ అదొక్కటే. చల్లపల్లిలో అక్క గృహప్రవేశానికి, కొత్త హాల్లో అదే ఉండాలని పట్టుకుని బయల్దేరాను.

ఉదయం ఏడింటి బస్సు. కండక్టర్ పటానికి లగేజీ టికెట్ కొట్టి, చోటు మాత్రం నా ఒళ్ళోనే చూపించాడు. మీరెవరైనా ఇలాంటిది తీసుకెళ్తే వెనక సీటు పట్టుకోండి. ముందు సీట్లలో అందరూ విమర్శకులే.

"కశ్మీరాండీ?" అంది పక్కనున్నావిడ.

"మన కృష్ణేనండీ."

"ఊరుకోండి, మన కృష్ణలో ఇన్ని నీళ్ళెక్కడివండీ!"

ఉయ్యూరులో టీ, పామర్రులో ఇడ్లీ. పదింటికల్లా చేరాను. అక్క మురిసిపోయింది. బావగారు కళ్ళజోడు పెట్టుకుని బొమ్మకు వాస్తు చూశారు.

"కూలిన కోట ఇంట్లో ఉండకూడదోయ్. ఎండిన చెట్టు అసలొద్దు. శుభమా అని ఇంట్లో దిగుతుంటే పొద్దు గుంకడమేంటి? ఆ పడవలో ఎవర్నన్నా కూర్చోబెట్టు."

దారిలో గీతలు పడితే దిద్దుదామని రంగులు తెచ్చుకోవడం నా ఖర్మ. అక్క వైపు చూశాను.

"కాస్త మార్చరా. లేకపోతే మీ బావ స్టోర్ రూమ్‌లో పడేస్తారు."

స్టోర్ రూమ్ అనేసరికి లొంగిపోయాను. కోటను కొండతో కప్పాను. మోడుకు కొబ్బరాకులు తొడిగాను. సూర్యుణ్ణి రెండు కొండల మధ్యకు జరిపి పసుపు పులిమాను. పడవలో జంటను కూర్చోబెట్టాను. వేసవంతా వేసిన బొమ్మ, భోజనాల వేళకు అచ్చం లారీ వెనకభాగమైంది. "హారన్ ప్లీజ్" ఒక్కటే తక్కువ. చుట్టాలంతా దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. నాకు గోంగూర కూడా సయించలేదు.

సాయంత్రం కరకట్ట మీదుగా వచ్చే బస్సెక్కాను. బెజవాడ వచ్చేటప్పుడు ఎడమవైపు కిటికీ వదలొద్దు, నది అటే. తోట్లవల్లూరు దాటాక ఇసుక మేటల వెనక పొద్దు గుంకుతోంది. ఒడ్డున మోడైన తాడి, ఎవరూ లేని పడవ. నా బొమ్మే. ఇక దాన్ని ఎవరూ చూడరని దుఃఖం ముంచుకొచ్చింది.

ముందు ఒక లారీ దారివ్వకుండా పోతోంది. దాని వెనక రెండు కొండలు, ఉదయించే సూర్యుడు.

"ఎంత బాగా వేశాడో చూడండి," అన్నాడు పక్క సీటాయన.

"నేనే వేశానండీ."

"మీరా! మా హాల్లోకి అలాంటిదొకటి వేసి పెట్టాలండీ."

కిటికీలోంచి నదిని చూపించాను. "అదైతే వేస్తాను."

ఆయన మెడ చాచి చాలాసేపు చూశాడు.

"అక్కడేముందండీ?" అన్నాడు.