హోటలు గుమ్మంలో తుపాకి గుండు

నా చిన్నప్పుడు అరకులో తెల్లదొరల కాలం నాటి రాతి బంగళా ఒకటి హోటలుగా నడిచేది. మా తాతయ్య అక్కడ వాచ్‌మన్. బడి లేని రోజుల్లో నేనూ ఆయన వెంట వెళ్లేదాన్ని. భోజనాల గది గుమ్మానికి తుపాకి గుండు దిగిన బొక్క ఒకటి ఉండేది. విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్లు ముందు దాన్నే చూపించమనేవారు.

ఆ కథ తాతయ్య చెబితేనే వినాలి. వరండాలోకి చిరుతపులి రావడం, దొర కంచం ముందు నుంచి లేవకుండానే తుపాకి ఎత్తడం, ఢామ్మని పేలడం. ఆ చప్పుడు నా వంతు. బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టేదాన్ని. ఆడవాళ్లు ఉలిక్కిపడి, తర్వాత నవ్వేవారు. కథ తాతయ్య కల్పించింది కాదు. హోటలు యజమాని చెప్పిందే నిజమని నమ్మి చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం కథ రసపట్టులో ఉండగా, కొండ మీది ఊరి నుంచి అనాసపళ్లు అమ్మవచ్చిన ఒక నడివయసు ఆమె గంప దించుకుని మెట్ల దగ్గర నిలబడింది. నేను బల్ల మీద కొట్టాను. అందరూ నవ్వారు. ఆమె మాత్రం మెట్లెక్కి వచ్చి ఆ బొక్క మీద చెయ్యి వేసింది.

"పులి కాదు బాబూ. మా అయ్య."

తాతయ్యకి అర్థం కాలేదు. "ఏటి సెప్తన్నావమ్మా?" అన్నాడు.

"దొర సామాను మోసేవోడు. ఇంటికాడ మా యమ్మ నొప్పులు పడతంది, ఎల్తానని ఈ గుమ్మంలో నిలబడి అడిగినాడంట. దొరకి కోపమొచ్చి కాల్చేసినాడు. పులనుకున్నానని సెప్పి తప్పించుకున్నాడు. ఆ నొప్పులు నా కోసమే బాబూ."

ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. నా చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది, మంట పెడుతోంది. ఇన్నాళ్లూ నేను ఆటగా చేసిన చప్పుడు ఒక మనిషి ప్రాణం పోయిన చప్పుడని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వచ్చినవాళ్లు ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూశారు. తాతయ్య తలపాగా తీసి ఆమె ముందు కూలబడ్డాడు. "మీ అయ్య పేరేటమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన దాన్ని నెమ్మదిగా తనలో తను పలికి చూసుకున్నాడు.

సంగతి తెలిసి యజమాని కోప్పడ్డాడు. పులి కథే చెప్పాలన్నాడు. తర్వాతి ఆదివారం కొత్తవాళ్లు రాగానే తాతయ్య వాళ్లను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, ఆ మనిషి పేరుతో మొదలుపెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. సరదాగా గడుపుదామని వస్తే ఈ చావు కబుర్లేమిటని ఒక పెద్దమనిషి విసుక్కున్నాడు. ఆ సాయంత్రమే తాతయ్యను పనిలోంచి తీసేశారు.

ఇంట్లో నాయనమ్మ లబోదిబోమంది. "పులనే అనీసుంటే ఏటి పోయేది?" అని నిలదీసింది.

"ఆ మనిసే మళ్లీ పోయేవోడు," అన్నాడు తాతయ్య.

ఆ తర్వాత ఆయన కాఫీ తోటల్లో కలుపు తీసి బతికాడు. ఆ పని ఆయన వయసుకి కష్టమే. అయినా హోటలు వైపు తిరిగి చూడలేదు.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. ఎవరైనా తుపాకి పేలిన కథ ఉత్సాహంగా చెబుతుంటే ఇప్పటికీ నేను మధ్యలో ఆపి, పోయినవాళ్ల పేరేమిటని అడుగుతాను. తెలియదంటే, తెలుసుకుని వచ్చి అప్పుడు చెప్పమంటాను.