తవుడు పోసిన కప్పులు

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడం మానేసి, సూర్యాపేట శివారులో ఒక రేకుల షెడ్డులో నర్సరీ కప్పులు చేస్తున్నాను. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ గుళికల్లో వరి ఊక పొడి, సున్నపురాయి పొడి కలిపి, కరిగించి అచ్చు పోస్తాను. రాతిపొడి ఎక్కువైతే కప్పు పెళుసు. ఊక ఎక్కువైతే నీళ్లు పీల్చి మెత్తబడుతుంది.

కోదాడ దగ్గర నర్సరీ నడిపే ఒకావిడ బొప్పాయి మొక్కలకు వాటిని వాడి చూశారు. పదిహేనో రోజుకే, పైకెత్తితే అడుగు ఊడిపోయింది. "ఇంకొక్కసారి చూస్తానండి మేడమ్. ఈసారీ ఇట్లనే అయితే మళ్లీ నల్ల కవర్లే," అన్నారు. ఏడాదికేడాది ఆ నర్సరీ గట్టున గుట్టపడే, మొక్కలు తీసి పారేసిన నల్ల ప్లాస్టిక్ కవర్లను చూసే నేనీ పనికి దిగాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

పాళ్లన్నీ మళ్లీ తూచాను, సరిగ్గానే ఉన్నాయి. మర్నాడు పొద్దున షెడ్డుకు వచ్చేసరికి, పక్కింటి గేదె పొడి బస్తాలో మూతి పెట్టి ఆబగా తింటోంది. అదిలించబోయి ఆగాను. ఊకను ఏ గేదె ఇంత ఇష్టంగా తింటుంది? పొడి నలిపితే వేళ్లకు జిడ్డు అంటింది. అది తవుడు! నూనె ఉన్న పొడిని ప్లాస్టిక్ పట్టుకోదు.

ఆ పొడి పంపిన మిర్యాలగూడ రైస్ మిల్లుకు పోయి, బస్తాలెత్తే ఆయన మీద గట్టిగా అరిచాను.

"మెత్తటి పొడి కావాలె అన్నరు గదా మేడమ్," అన్నాడాయన నింపాదిగా. "మిల్లుల మెత్తటిదంటే తవుడే. ఊక మెత్తగ యాడుంటది?"

నిజమే. ఫోనులో నేను ఊక అన్న మాటే అనలేదు. ప్రశ్న సరిగ్గా అడగండని ఏళ్ల తరబడి పిల్లల్ని తిట్టిన నోరిది. ఆయనకు సారీ చెప్పి, ఊకే ఎత్తించుకుని, దగ్గరుండి పొడి పట్టించాను. తేమ పూర్తిగా పోయేదాకా ఎండబెట్టి, అప్పుడు కలిపాను.

ఈసారి కప్పులు నాటే రోజుదాకా నిలిచాయి. ఆవిడ మొక్కలను కప్పులతో సహా తన చేనులోనే నాటారు. కొన్నాళ్లకు ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్తే ఒక మొక్కను మట్టితో పెళ్లగించి చూపించారు. వేళ్లు కప్పును చీల్చుకుని బయటికొచ్చాయి. వాటి మధ్య మిగిలిన కప్పు ముక్కలు పట్టుకుంటే పొడిపొడి అయ్యాయి.

"నల్ల కవర్లు ఇగ తెప్పియ్యను మేడమ్," అంటూ మొక్కను గుంటలో పెట్టి మట్టి కప్పారు.

సిగ్గు పడకుండా ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చేశాను. షెడ్డుకొచ్చాక, మిగిలిన తవుడు బస్తా మొత్తం ఆ గేదెకే పెట్టాను.