కంచె లేని అడవిలో భోజనం

చిలగడదుంప చూసినప్పుడల్లా జహీరాబాద్‌లో ఎక్కిన ఆ షేర్ ఆటో గుర్తొస్తుంది. నా పక్కన కూర్చున్నావిడ కాళ్ల దగ్గర మార్కెట్ సంచి నిండా అవే ఉన్నాయి.

హైదరాబాద్ మిత్రులమంతా కలిసి ఝరాసంగం దగ్గర పండ్లూ దుంపలూ అడవిలోలాగే పెరిగే ఆహార అడవి పెంచుతున్నామనీ, అక్కడ దున్నడం, కంచె కట్టడం నిషేధమనీ, నేను చూడబోవడం ఇదే మొదటిసారనీ ఆమెకు ఉత్సాహంగా చెప్పాను.

"నేను గూడ గాడికే సార్. వంట నాదే. ఇవి మీ బువ్వకే," అంది సంచి చూపిస్తూ.

"అడవిలో దుంపలు పండలేదా అమ్మా?"

"మస్తు పండినయ్. పందులు తిన్నయ్. మేమైతే చేను సుట్టు పాత చీరలు కడ్తం, అవి రావు. మీ మెంబర్లు వద్దన్నరు. అడవి అందరిదంట."

దారిపొడుగునా చేల చుట్టూ రంగురంగుల చీరలు రెపరెపలాడుతున్నాయి. మా అడవి చుట్టూ మాత్రం ఏమీ లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అధ్యక్షుడు దుంప ముక్క పైకెత్తి, "ఈ తీపి మార్కెట్ సరుకులో దొరకదు," అన్నారు. అందరూ కళ్లు మూసుకుని నమిలారు. నేనూ మూసుకున్నాను, తల కూడా ఊపాను.

కళ్లు తెరిచేసరికి ఆమె గరిటెతో నా ముందు నిలబడి ఉంది.

"ఇంకింత అడవి ఎయ్యాల్నా సార్?"