పచ్చబడ్డ చేప మొహం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా కళ్ల ముందు ఒక ప్రాణం పోతుంటే కావాలని చూస్తూ నిలబడింది మాత్రం ఆ ఒక్క రోజే.

గనిలో నాది మొదటి షిఫ్టు. సాయంత్రాలు ఏమీ తోచక క్వార్టర్‌లో రెండడుగుల అద్దాల తొట్టి పెట్టాను. కరీంనగర్‌లో చేపలమ్మే అతను ఆపిస్టో అనే మరుగుజ్జు చేపల జత ఇస్తూ, "తల చూసి గుర్తు పట్టాలె అన్నా. దవడ వెడల్పుగ, పెదవులు మొద్దుగ ఉన్నది మొగది. చిన్న మూతిది ఆడది" అన్నాడు. మగదాని చెంపల మీద నీలి గీతలు. ఆడది అందులో సగం కూడా లేదు, బూడిద రంగు. పెద్ద తలవాడే రౌడీ అని అప్పుడే తీర్మానించేశాను.

నెల తిరక్కముందే, ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి ఆడదాని మొహమంతా నిమ్మపండులా పచ్చబడింది. కంటి నుంచి చెంప మీదికి కాటుక గీసినట్టు నల్ల చార. నాతోపాటే ఉండే మా అవ్వ, మా అమ్మ, తొట్టి ముందే కూర్చుని ఉంది.

"పసిరికలయినయ్ కొడుకా దీనికి. పక్కకు తియ్. రెండోదానికి గూడ అంటుతది."

మా ఇళ్లలో కామెర్లతో ఎవరి కళ్లు పచ్చబడ్డా ముందు కంచం వేరు చేస్తారు, తర్వాత పసరు పోయిస్తారు. చిన్నప్పుడు నన్నూ అలాగే విడిగా పడుకోబెట్టారు. అందుకే వెంటనే చాయ్ వడపోసే జాలితో ఆడచేపను పట్టి బకెట్‌లో వేశాను. అది బకెట్ గోడకు తల బాదుకుంది. రోగం ముదిరిందనుకున్నాను.

ఇటు తిరిగి చూస్తే, తొట్టిలో బోర్లించిన కుండ పెంకు కింద మగది తల దూర్చి ఏదో కొరుకుతోంది. పెంకు లోపల అంటుకుని ఎర్రటి గుడ్లు. ఆ పచ్చరంగు రోగం కాదని, గుడ్లకు కాపలా ఉన్న తల్లి రంగని అప్పుడు అర్థమైంది. నేను పెంకు ఎత్తేసరికి ఒక్క గుడ్డూ మిగల్లేదు.

ఒళ్లు మండిపోయింది. మగదాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, ఆడదాన్ని మళ్లీ తొట్టిలో వదిలాను. అది ఖాళీ పెంకు కిందికి వెళ్లి వచ్చింది. వచ్చీ రాగానే మగదాని మీద పడింది. మొదట కన్ను పీకింది. తర్వాత పెదవి చీల్చింది. చెంప మీది నీలి గీతలు పొలుసులతో సహా ఊడిపోయాయి. అంత తల ఉండీ వాడు తిరగబడలేదు, మూలకు ఒదిగాడు. పారిపోవడానికి ఉన్నది రెండడుగులే. చాయ్ జాలి నా చేతిలోనే ఉంది, వాణ్ని బయటికి తీయొచ్చు. "కొట్టు, ఇంకా కొట్టు" అన్నాను. నిజం చెప్పాలంటే, నాకు తృప్తిగా అనిపించింది.

పొద్దు గూకకముందే వాడు చచ్చి వెల్లకిలా తేలాడు.

"కావలి లేకుంటే తిన్నది, దానికేం ఎరుక?" అంది అవ్వ. "కావలి తీసింది మనమే గద కొడుకా."

చచ్చినదాన్ని తీయడానికి నీళ్లలో చెయ్యి పెట్టాను. ఆడది దూసుకొచ్చి వేలు కొరికింది. చీమ కుట్టినంత కూడా లేదు. మళ్లీ వచ్చింది, మళ్లీ కొరికింది. గుడ్ల దగ్గరి నుంచి దాన్ని ఎత్తుకుపోయిన చెయ్యి అదే. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి బయటికి తీయలేదు.